ఊపిరి తీసుకోవలసిన చోటు

ఎనభైల్లో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరు డాక్టరుగారికి సినిమాల్లో తప్పులు పట్టడం సరదా. సినిమాలకి మాటలొచ్చిన తొలిరోజుల బ్రిటిష్ పాటల సినిమా క్యాసెట్ ఒకటి ఉండేది. అందులో మైకు పూలకుండీలో దాచారట, అందుకే అందరూ పువ్వులవైపు వంగి మాట్లాడేవారు. చివర్లో క్షయతో చనిపోతున్న నాయిక మంచంమీద పాటంతా పాడేస్తుంది. అక్కడ రిమోట్‌ని స్టెతస్కోప్‌లా చాచి ఆపేసి, "చూడమ్మా, ఒక్కసారైనా ఊపిరి తీసుకుందా? లంగ్స్ డాక్టర్ని, నాకు చెప్తారా?" అనేవారు.

ఆ చలికాలం ఆయన భార్యకే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. పండగలకి అందరిళ్లలో పాడిన ఆంటీ, ఆక్సిజన్ సిలిండర్ పక్కన రెండు మాటలకోసారి ఆగిపోయేవారు.

ఒక మధ్యాహ్నం ఆంటీయే ఆ క్యాసెట్ పెట్టించుకున్నారు. మంచం సీను రాగానే ఆయన అలవాటుగా పాజ్ నొక్కారు.

"ఆపకండీ... పాడనివ్వండి," అన్నారామె.

పాట అయిపోయింది. ఆయన రివైండ్ చేశారు. మళ్లీ చేశారు. టీ ఇవ్వడానికి వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన తెరవైపు చూడటం లేదు. ఆంటీ వీపుమీద చెయ్యి వేసి, ఆ నాయిక ఊపిరి తీసుకోవలసిన చోటల్లా బతిమాలుతున్నారు.

"ఇప్పుడు తీసుకో... ఇదిగో, ఇప్పుడు."