చాచా తీసిన గోడ ఫోటోలు

పక్కింటి చాచా పోయిన సంగతి నాకు గోడలోంచి తెలిసింది. పోయిన వారం తెల్లవారుతుండగా చాచీ ఏడుపు మా గదిలోనే ఉన్నట్టు వినిపించింది. అది మా రెండిళ్లకూ ఉమ్మడి గోడ. దానికి అటు చాచా మంచం, ఇటు మా అమ్మాయి మంచం. ఎర్రగుంట్ల దగ్గర సున్నపురాయి క్వారీ పక్కన ఉంటాం మేము. మధ్యాహ్నం సైరన్ మోగాక అక్కడ మందు పేలుస్తారు. గోడ పగులు ఇంకొంచెం విచ్చుకుంటుంది.

చాచా ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపారు. అది మూసేశాక ఆయనకు మిగిలిన గిరాకీ ఆ పగులే. నెలనెలా దాని పక్కన అగ్గిపెట్టె పట్టుకుని ఫోటో తీసేవారు, ఎంత పెరిగిందో తెలియడానికి. ప్రతి ఫోటోలోనూ ఆయన బొటనవేలు ఉంటుంది. క్వారీ పేలుళ్ల మీద అర్జీ ఇచ్చి, తనిఖీకి వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తుండేవారు. "వాళ్లకు నోటిమాట చాలదప్పా, బొమ్మ చూపియ్యల్ల" అనేవారు.

మొన్న ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చాక ఆయన కంప్యూటర్ తెరుచుకోలేదు. ఫోటోలన్నీ దాంట్లోనే. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేద్దామని పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాను. సగం ఎక్కి ఆగిపోయింది, డిస్క్ కనబడటం లేదంది. మరునాడు పెన్‌డ్రైవ్ మార్చినా అదే తంతు. నాకు విసుగొచ్చి, మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం చాచా అన్నాను.

"ఇల్లు కడగల్లంటే సామాను బయట పెట్టుకుంటాం గానీ, కాల్చేస్తామా అప్పా? నా కాడ ఇంకో కాపీ లేదు."

మళ్లీ మొదలుపెట్టాం. సైరన్ మోగింది, ఇల్లు అదిరింది, తెర మీద కదులుతున్న గీత అక్కడే ఆగింది. మూత విప్పితే డిస్క్ కేబుల్ వదులై ఊగుతోంది. ఉదయం కరెంటు కోత కాబట్టి రోజూ మేం కూర్చునేది ఆ వేళకే. అయినా ఆ పేలుడుకే ఆగిపోతోందని తట్టలేదు. ఆ అదురుకు అంతగా అలవాటు పడిపోయాం. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

కేబుల్ మార్చి ఇంకోసారి వేశాం. ఈసారి పేలుడు వేళకు చాచా ఆ డబ్బాను ఒళ్లోకి తీసుకుని కూర్చున్నారు, జ్వరమొచ్చిన బిడ్డను పట్టుకున్నట్టు. సిస్టమ్ ఎక్కింది. ఒక్క ఫోటో కూడా పోలేదు. వరుసగా అన్నీ చూశాం. వెంట్రుకంత సన్నగా మొదలైన పగులు చివరి ఫోటోకు అగ్గిపెట్టె మందానికి వచ్చింది. చాచా సంతోషపడలేదు. "కంప్యూటరు బాగయిండాది. ఈ పగులు మాత్రం నిద్రపోదప్పా" అన్నారు.

తనిఖీవాళ్లు ఇంకా రాలేదు. చాచా నిద్రలోనే వెళ్లిపోయారు. ఆయన ఇన్నాళ్లూ కాపలా కాసింది మా ఇంటికి కూడా. ఆ మేలు మరిచిపోలేను.

ఈ నెల ఫోటో ఆగకూడదని నిన్న వాళ్లింటికి వెళ్లాను. చాచీ అగ్గిపెట్టె పట్టుకున్నారు. "ఆయన ఈడనే పట్టుకుంటాండె" అంటుండగా పెట్టె వేళ్లలోంచి జారి పగుల్లో పడింది. తీద్దామని వేలు పెట్టాను. అది ఇంకా లోపలికి పోయింది.

"నాయనా, మంచం మీద ఈ అగ్గిపెట్టె యాడిది?" అని అటుపక్క నుంచి మా అమ్మాయి అడిగింది.