పాషన్నతో ఎవరూ వాదించని రోజులు

2023, వానలు మొదలైన కొత్తలో. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన నాకొక చిన్న గది ఉండేది. తలుపు మీద స్పీచ్ థెరపిస్ట్ అని రాసి ఉన్నా సగం మంది దాన్ని చెవుల డాక్టరు గది అనుకుని వచ్చేవారు, మిగతావాళ్ళు నత్తి తగ్గడానికి బిళ్ళలు రాయమనేవారు. నా దగ్గర బిళ్ళలుండవు. మాట పోయినవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడానికి ప్రయత్నించడమే నా పని. దానికి ఓపిక కావాలి. నాకది పుట్టుకతో రాలేదు, ఉద్యోగంలో కొంత అబ్బింది.

ఆ రోజుల్లోనే పాషన్న వచ్చాడు. వయసు యాభై దాటింది. కాశిబుగ్గలో మోటార్ వైండింగ్ షాపు ఆయనది. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, అది మళ్ళీ తిరిగేలా చేయడం. ఎండాకాలం వచ్చిందంటే రైతులు బోరు మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చి ఆయన షాపు ముందే పడిగాపులు కాసేవారట. పక్షవాతంతో ఆయన కుడిచేయి పట్టు తప్పింది. మాట మొత్తం పోయింది. భార్య షహనాజ్ ఆయన్ను భుజం పట్టి నడిపించుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"పొద్దంత మాట్లాడేటోడు మేడం. ఇప్పుడు ఇల్లంత చప్పుడు లేకుంటయింది" అంది.

ఆయనకు వచ్చినదాన్ని అఫేసియా అంటాం. మెదడులో మాటలు కూర్చే చోటు దెబ్బ తింటుంది. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తాను ఏం చెప్పాలో తెలుసు, ఆ మాట మాత్రం నోటిదాకా రాదు. చూడవచ్చిన చుట్టాలు మతి కూడా పోయిందేమో అనుకుని మనిషి ముందే మనిషి గురించి మాట్లాడుకుంటారు. పాషన్న అవన్నీ వింటూ గోడవైపు చూస్తుండేవాడు. మొదటి కొన్ని నెలల్లో ఎంత మాట్లాడిస్తే అంత మంచిది. ఆలస్యమైతే మాట రాదని కాదు, దారి మరీ కష్టమవుతుంది.

అందరితో చేసినట్టే బొమ్మల కార్డులతో మొదలుపెట్టాను. గ్లాసు, చెంచా, తాళంచెవి. మాట మొదటి శబ్దం నేనందిస్తే మిగతాది రోగి పూర్తి చేయాలి. దీన్ని క్యూయింగ్ అంటాం. నేను "గ్లా..." అంటే పాషన్న నన్ను జాలిగా చూసేవాడు. ఒకటి, రెండు, మూడు మాత్రం గడగడా చెప్పేవాడు. అది ఆటోమేటిక్ స్పీచ్, అలవాటు కొద్దీ వచ్చే మాట. దాన్ని చూసి ఇంటివాళ్ళు సంబరపడతారు, మేం పడం. మూడో వారానికి ఆయన కార్డులను ఎడమచేత్తో నావైపు నెట్టేశాడు. నాక్కూడా విసుగొచ్చింది. యాభై ఏళ్ళు దాటిన మనిషికి చెంచా బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది మరి.

"ఈయనకు దేని గురించి మాట్లాడ్డం ఇష్టం అక్కా?" అని షహనాజ్‌ను అడిగాను.

ఆమె సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "గా ఫోన్ల ముచ్చట్లే మేడం. రాకెట్లు, రోబోలు. తిండి గుడ మర్సిపోయి కొట్లాడేటోడు."

అలా తెలిసింది ఆయన ఫోన్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌ల గ్రూపు సంగతి. పేరు 'రేపటి ముచ్చట'. ఒక ఆటో డ్రైవరు, ఒక ల్యాబు టెక్నీషియను, ఒక విత్తనాల షాపాయన, ఇంకా కొందరు. ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు తక్కువ. రోజూ ఒక ప్రశ్న పడేది. అంగారకుడి మీద పనిచేసేవాళ్ళకు జీతం ఎవరివ్వాలి? మనిషి మెదడును కంప్యూటర్లో దాచిపెడితే వాడికి పింఛను వస్తుందా? వెనకటి కాలానికి పోయే మిషన్ ఉంటే, పోయి పాతధరకు బంగారం కొనుక్కోవడం దొంగతనమా, తెలివా? రాయడానికి వీల్లేదు, గొంతుతోనే చెప్పాలి. చెప్పడం అయిపోయాక "ఇగ నువ్వు చెప్పు" అని ఎదుటివాళ్ళకు అప్పగించాలి. ఆ మాట అనేదాకా ఎవరూ అడ్డురాకూడదు. మా ఇంట్లో కూడా ఈ పద్ధతి ఉంటే బాగుండునని నాకు అప్పుడే అనిపించింది.

షహనాజ్ ఫోన్ తెరిచి పాషన్న పాత వాయిస్ మెసేజ్ ఒకటి వినిపించింది. గది నిండా ఒక గొంతు, వెనక మోటారు చప్పుడు.

"గలత్! గలత్ స్వరూపా! పని మీద నీకు గంత మోజుంటే నా షాపుకు రా. రాగితీగతోని వేళ్లు కోసుకపోయినంక చెప్పు పనంటే దేవుడని. మిషనొచ్చి చేస్తే చెయ్యనియ్. అందరికి ఇంటికే పైసలియ్యనియ్. గప్పుడన్న మనిషి జర తలెత్తి మొగులు దిక్కు సూస్తడు. ఇగ నువ్వు చెప్పు."

వెంటనే ఒక ఆడగొంతు. "పనిలేనోడు మొగులు సూడడన్నా, పక్కోని ఇల్లు సూస్తడు!"

గలత్ అంటే తప్పు, మొగులు అంటే ఆకాశం. స్వరూప కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతులు తెచ్చిన వడ్లు, పత్తి అమ్మిపెట్టే కమీషన్ దుకాణంలో పనిచేస్తుంది. మిషన్లు అన్ని పనులూ చేసి, ప్రభుత్వం అందరికీ ఇంటికే డబ్బులు పంపితే మనిషి బాగుపడతాడని పాషన్న, చెడిపోతాడని స్వరూప. మూడేళ్ళుగా ఇదే కొట్లాట. నేను నవ్వుతూ పాషన్నవైపు తిరిగాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. "గ... గ... గలత్" అన్నాడు.

షహనాజ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది కూడా అలవాటు మాటే, పూర్తిగా నమ్మకూడదని నాకు తెలుసు. అయినా ఇన్ని వారాల్లో ఆయన ఒకరికి జవాబుగా నోరు విప్పడం అదే మొదటిసారి. ఆ మెసేజ్‌నే మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాను.

తర్వాత కొత్త మెసేజ్‌లు పెట్టాం. ఆయన పడిపోయిన తర్వాత వచ్చినవి. "పాషన్నా, మీరు చెప్పిందే రైటు." "అన్న మాటే ఫైనల్." ఆటో డ్రైవరైతే ఇన్నాళ్ళూ తాను తప్పు మాట్లాడానని ఒప్పేసుకున్నాడు. స్వరూప గొంతు మెత్తబడిపోయింది: "ఔనన్నా, మిషన్లు వస్తే మంచిదే. నువ్వు జల్ది కోలుకో." చివర "ఇగ నువ్వు చెప్పు" అని ఒక్కరూ అనలేదు. మాట పోయిన మనిషిని చెప్పమంటే బాధపడతాడని మానేశారట. పాషన్న ఎడమచేత్తో ఫోన్ తీసుకుని బోర్లా పెట్టేశాడు. ఆ రోజు ఇంకొక్క శబ్దం కూడా పలకలేదు.

పాత మెసేజ్‌లతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. గలత్ వెనక స్వరూప, షాపు, పని అనే మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. కానీ ఆయనకు పాతవన్నీ కంఠతా వచ్చు. గెలిచిన వాదనను మళ్ళీ ఎంతసేపు వాదిస్తాడు? ఆయనకు కావలసింది కొత్త వాదన. షహనాజ్ ఫోన్ కలిపిస్తే స్వరూపతో మాట్లాడాను.

"మీరు ఆయనతో వాదించాలమ్మా" అన్నాను.

"అయ్యో, ఏం మాటంటాన్రు మేడం! గంత పెద్దమనిషి మంచంల ఉంటే నేనెట్ల కొట్లాడుత? నాకు నోరెట్లొస్తది?"

"మీరందరూ ఔనంటుంటే ఆయన దేనికి నోరు తెరవాలి?"

అవతల లారీ హారన్ ఒకటి వినిపించింది. తర్వాత నెమ్మదిగా అంది. "నా కాడ ఒక మాటున్నది మేడం. గది అంటే అన్న దగ్గర జవాబుండదు. గందుకే అంటలేను. ఇప్పుడాయనకు పనిలేదు. తమ్ముడు షాపు నడుపుతాండు, ఇంటికే పైసలు వస్తానయి. అన్న కోరుకున్న దునియా గదే గదా. సుఖంగ ఉన్నవా అన్నా అని అడగాలె. ఎట్లడగాలె చెప్పున్రి?"

ఆ ప్రశ్నకు ఆయన కుంగిపోయి థెరపీ మానేస్తే ఉన్న నాలుగు మాటలూ పోతాయి. నేను చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటి క్యూయింగ్ ఎక్కడా లేదు. షహనాజ్‌ను బయట వరండాలోకి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మెట్లవైపు చూస్తూ కొంగు వేలికి చుట్టుకుంది.

"అడగనియ్ మేడం. ఫికర్ జెయ్యకు. ఏడిస్తే ఏడుస్తడు. అందరు చెప్పినదానికల్ల తలూపుతాండు, పసిపిల్లగాని లెక్క. నాకు ఆయన కోపం సూడాలని ఉన్నది. కూరల ఉప్పు తక్కువైందని లొల్లి జేస్తే గదంత సుఖం లేదనిపిస్తది ఇప్పుడు" అంది.

తర్వాతి సెషన్‌లో స్వరూప మెసేజ్ వచ్చింది. గొంతు కొంచెం వణికినా పాత స్వరూపే. "గలత్ పాషన్నా. నువ్వు కోరినట్టే పనిలేదు, ఇంట్లకు పైసలు వస్తానయి. మరి సుఖంగ ఉన్నవా? లేవంటే నేను గెలిసిన. ఉన్ననంటే నీ గొంతుతోని చెప్పు. ఇగ నువ్వు చెప్పు."

ఆయన విన్నాడు. మళ్ళీ పెట్టమని వేలితో చూపించి మళ్ళీ విన్నాడు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. లేచి, భార్య సాయం కూడా తీసుకోకుండా గోడ పట్టుకుని బయటికి నడిచాడు. తర్వాతి రెండు సెషన్లకు రాలేదు. ఫోన్ చేస్తే, పడుకున్నాడని షహనాజ్ చెప్పింది. ఒక మనిషిని బాగుచేయబోయి పగలగొట్టానేమో అనిపించింది.

వారం దాటాక వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కార్డులు తీయబోతే వద్దని చేయి ఊపి ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఎడమ బొటనవేలితో రికార్డు బటన్ నొక్కి పట్టుకున్నాడు. నేను మొదటి శబ్దం అందించబోయాను. షహనాజ్ నా చేయి పట్టుకుని ఆపింది. ఫ్యాన్ తిరుగుతోంది. బయట ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు.

"గలత్" అన్నాడు. చాలాసేపు ఆగాడు. "స్వరూపా... పని... గాదు." నుదుటి మీద చెమట. "పని... వద్దే. మాట... మాట పోయింది. మాట... కావాలె."

బొటనవేలు తీశాడు. మెసేజ్ వెళ్ళిపోయింది. షహనాజ్ ఏడుస్తోంది, నేనూ ఏడ్చాను. మేమిద్దరం దాన్ని దుఃఖమే అనుకున్నాం. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్ వైపే చూస్తూ ఎదురుచూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అది ఏడుపు కాదు, వాదన. తను కుమిలిపోతున్నది పనిలేక కాదు, మాటలేక. కాబట్టి స్వరూప గెలవలేదు. మతి పోయిందని చుట్టాలు అనుకుంటున్న మనిషి, చేతిలో ఉన్న నాలుగు మాటలతో ఆమె పట్టును విడిపించుకున్నాడు.

కాసేపటికి జవాబు వచ్చింది. స్వరూప ఏడ్చి, ముక్కు చీది, గొంతు సర్దుకుని మాట్లాడినట్టుంది. "గలత్ అన్నా. మాట్లాడుడు గుడ పనే. నువ్వు గిప్పుడు జేసింది పనిగాదా? చెమటలు పట్టినయో లేదో వదిననడుగు!"

షహనాజ్ తన కొంగుతో ఆయన నుదురు తుడవబోయి ఆగిపోయింది. పాషన్న పకపకా నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వగా చూడడం అదే మొదలని ఆమె తర్వాత చెప్పింది. బల్ల మీద చేత్తో కొడుతూ "గలత్! గలత్!" అంటూనే ఉన్నాడు.

పూర్తిగా నయమైందని రాయాలని నాకూ ఉంది. కాలేదు. ఏడాదికి పైగా వచ్చాడు. చిన్న వాక్యాలు వచ్చాయి, ధారాళంగా మాట్లాడే ఆ మనిషి తిరిగి రాలేదు. మధ్యాహ్నాలు తన పాత మెసేజ్‌లు పెట్టుకుని వింటాడట. ఆ గొంతు మీద ఆయనకెంత ఆశో నాకు తెలుసు. నాకూ ఉంది. రాకెట్ల మీద, జీతాల మీద ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఆ పాషన్నను నేనెన్నడూ కలవలేదు. కలిసినట్టయితే నేను కూడా ఆయనతో ఒకసారి గలత్ అని ఉండేదాన్ని. స్వరూప వచ్చి చూసిపోతానంటే ఆయన ఇప్పుడే వద్దంటాడు. ఇంకా కొన్ని మాటలు రానీ, అని చేత్తో చెబుతాడు. కేసముద్రం ఎంత దూరమని? రైలెక్కితే కాసేపట్లో వస్తుంది. ఆ రోజు కోసం ఆయన, షహనాజ్, స్వరూప ముగ్గురూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

మాట పోయిన మనిషికి ముందు నీళ్ళు, అన్నం, బాత్రూం అనే మాటలు నేర్పాలని మాకు చెబుతారు. అవసరాలు కాబట్టి అవీ నేర్పుతాను. కానీ పాషన్న తర్వాత, కొత్త రోగి రాగానే ఇంటివాళ్ళను ఒక ప్రశ్న అడగడం అలవాటైంది: ఈయన ఎక్కువగా ఎవరితో వాదించేవాడు? ఇదేం ప్రశ్న అని వాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తర్వాత చాలామంది భార్యలు తల దించుకుని చెప్పే జవాబు ఒక్కటే. "నాతోనే మేడం."