క్లోమానికి కాపలా

మధ్యాహ్నం రెండూ ఇరవైకి కరెంటు పోయింది. గుంటూరులో మే నెలలో అదో వార్త కాదు. సాయంత్రంలోగా నా పరిశోధనంతా నా చేతులతోనే గంగలో కలిపాను, వార్తంటే అదీ.

అప్పుడు నేను మనిషి క్లోమం నుంచి జీర్ణరసాల ఎంజైములను వేరుచేస్తున్నాను. క్లోమంలో అవి నిద్రలో ఉంటాయి. పేగులోకి చేరాకే లేచి పని మొదలుపెడతాయి. నాకు కావలసింది ఆ నిద్రపోయే రూపమే. రోగి ఒప్పుకుంటేనే ఆపరేషన్‌లో తీసిన ముక్క మాకు దొరుకుతుంది. ఏడాది ఎదురుచూస్తే ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిన సారమంతా వేలెడంత గొట్టంలో ఉంది. వెచ్చబడితే అవి మేల్కొని ఒకదాన్నొకటి తినేస్తాయి.

మా మెడికల్ కాలేజీ జనరేటర్ మొరాయించింది. నా బావమరిది ఖాసిం మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్, అక్కడ కరెంటు పోయినా చలి తగ్గదు. గొట్టం ఉన్న ఐసు పెట్టెను, నాకు భోజనం తెచ్చిన నా భార్య మీరాబీ ఒళ్ళో పెట్టి స్కూటర్ తీశాను. పెట్టెను ముట్టుకోవద్దని దారంతా చెబుతూనే ఉన్నాను. ఒళ్ళో పెట్టుకున్న మనిషి ముట్టుకోకుండా ఎలా ఉంటుందో, మీరే చెప్పండి.

"ఏముంది బావా అందులో?" అన్నాడు ఖాసిం.

"మనిషి క్లోమం."

"మిర్చి బస్తాల మధ్యనా? ఓనరు చూస్తే నా క్లోమం తీస్తాడు."

అతని భయం పోగొట్టడానికి ఆరుబయట కాటా మీద పెట్టె దించి, మూత తీసి గొట్టం చూపించాను. మీరాబీకి మళ్ళీ అదే హెచ్చరిక చేసి, లోపల చోటు చూడ్డానికి వెళ్ళాను. మిర్చి ఘాటు తగలగానే తుమ్ములు గూడ్సు బండిలా మొదలయ్యాయి, ఎంతకీ చివరి పెట్టె రాదు. కళ్ళు వాచిపోయాయి. ఖాసిం నన్ను కుళాయి కింద కూర్చోబెట్టి చాలాసేపు నీళ్ళు పోశాడు.

బయటికొచ్చేసరికి మీరాబీ ఎండలో నిలబడి పైటకొంగుతో ఈగలు తోలుతోంది. మూత తెరిచే ఉంది. ఐసు నీళ్ళయింది. గొట్టం అందులో తేలుతోంది.

"మూత వెయ్యొచ్చుగా?"

"మీరేగా ముట్టుకోవద్దన్నది. ఈగను కూడా వాలనివ్వలేదు."

ల్యాబ్‌కి తిరిగొచ్చి పల్చటి పాలలో ఒక చుక్క వేశాను. ఎంజైములు నిద్రలో ఉంటే పాలు తెల్లగానే ఉండాలి. నీళ్ళలా తేటపడ్డాయి. మీరాబీ వంగి చూసింది.

"పోనీలెండి, లేచాక పని బాగానే చేస్తున్నాయిగా."

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత బంధువుల ప్రతి పెళ్ళిలోనూ ఆమె ఈ కథ చెబుతుంటే నవ్వాను. పోయిన చలికాలం మీరాబీ చనిపోయింది. ఇప్పుడు కథ నేను చెప్పాల్సి వస్తోంది. ఈగలు తోలే చోట ఆమె చేసి చూపించినట్టు నాకు చేతకాదు.

పాడైన క్లోమం సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, ముట్టుకోవద్దన్న మాట జన్మలో మళ్ళీ అననని. దాన్ని నిలబెట్టుకోవడం ఇప్పుడు తేలికే. ఇంట్లో నా వస్తువులు ముట్టుకోవద్దని చెప్పడానికి ఎవరూ లేరు.