గట్టు మీద మనిషి ఉంటే

మా మావయ్యగారు పోయారన్న కబురు పొద్దున్నే వచ్చింది. "నాన్నగారు గట్టు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయేరు వదినా," అన్నాడు ఫోన్‌లో ఆయన కొడుకు. ముమ్మిడివరం దగ్గర వాళ్ళ రొయ్యల చెరువు గట్టది. అమలాపురం నుంచి అక్కడికి వెళ్ళి కళ్ళతో చూసేదాకా నేను నమ్మలేదు.

మావయ్యగారు మా అమ్మకి తమ్ముడు. ముప్పై ఏళ్ళు ఆ చెరువు మీదే బతికారు. ఆయనకి పగవాళ్ళంటే కొంగలు, నీటికాకులు, కాకులే. రొయ్య నీరసించి ఒడ్డుకొస్తే మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. అందుకే చెరువు దగ్గరికి ఎవరొచ్చినా "ముందు పైకి చూడండి, తర్వాతే నీళ్ళలోకి," అనేవారు. పక్షి వాలబోతే చాలు, చప్పట్లు కొట్టి "హోయ్!" అని ఒక్క కేక. అది అవతలి గట్టుదాకా వినిపించేది. ఇంట్లోనైనా కాస్త మెల్లగా మాట్లాడండి మహాప్రభో అని అత్తయ్య మొత్తుకునేది.

కిందటి వేసవిలో రొయ్య పట్టేశాక, అందరం కలిసి మహారాష్ట్ర అడవికి సఫారీకి వెళ్ళాం. బలవంతాన తీసుకెళ్ళింది నేనే. జీపెక్కిన పావుగంటకే ఆయన మా పరువు తీశారు. నీటిగుంట దగ్గర కొంగలు వాలుతుంటే చటుక్కున లేచి నిలబడి చప్పట్లు, ఆపైన "హోయ్!" కొంగలతోపాటు నీళ్ళు తాగుతున్న జింకలు కూడా మాయం. పక్క జీపులవాళ్ళు తిట్టిపోశారు. గైడ్ దండం పెట్టాడు. మేం పడీపడీ నవ్వాం.

"అలవాటండీ, ఏమీ అనుకోకండేం," అని ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

కాసేపటికి మా జీపు ఆగిపోయింది. డ్రైవర్ దాన్ని స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నాడు. గైడ్ ఇంకో జీపు కోసం వైర్‌లెస్‌లో మాట్లాడుతున్నాడు. ఇంతలో మా పాప టోపీ ఎగిరి నాలుగడుగుల అవతల పడింది. కిందికి దిగొద్దని పొద్దుట్నించీ పదిసార్లు చెప్పారు. నాలుగడుగులే కదా అనుకుని ఒక కాలు కింద పెట్టాను.

ఎవరో నా మణికట్టు పట్టేసుకున్నారు.

"దిగకమ్మా."

మావయ్యగారే. గుసగుసగా అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"పైకి చూడు."

ఎదురుగా ఎండిన చెట్టు నిండా కాకులు. పైకొమ్మన రెండు రాబందులు. అన్నీ మెడలు వంచి కిందికే చూస్తున్నాయి. ఒక్కటీ దిగట్లేదు.

"కింద తిండి ఉందమ్మా. తినేది కూడా అక్కడే ఉంది. లేకపోతే ఇవి ఆగుతాయా? గట్టు మీద మనిషి ఉంటే పక్షి దిగదు."

కాలు పైకి తీసుకున్నాను. పాప నోరు చేత్తో మూశాను. చెట్టు కింద గడ్డిలోంచి పులి లేచింది, మూతంతా నెత్తురు. నడుచుకుంటూ వచ్చి టోపీని వాసన చూసింది. తలెత్తి మావైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. చివరికి అవతలి పొదల్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు మొదటి కాకి కిందికి దిగింది. అది దిగేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనుండేదాన్ని కాదు.

పదో రోజున చెరువు గట్టు మీదే పిండం పెట్టారు. కాకులొచ్చి కొబ్బరిమట్టల మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. గంట గడిచింది. కోరికేదో మిగిలిపోయిందన్నారు పెద్దవాళ్ళు. "చెరువు ఎవరికీ అమ్మను నాన్నా. అమ్మని బాగా చూసుకుంటాను," అన్నాడు కొడుకు దండం పెట్టి. కాకి ముట్టకపోతే ఆ బెంగ అతన్ని బతికున్నంతకాలం వదలదని నాకు తెలుసు. అవి మాత్రం కదల్లేదు.

అప్పుడు అత్తయ్య లేచింది. ఆయన రోజూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఇంకా గట్టు మీదే ఉంది, వెనక వేలాడేసిన ఆయన తువ్వాలుతో సహా. దాని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మీరిక్కడే కూచుంటే అవెలా దిగుతాయండీ? చూసింది చాలు. ఇంక ఇంటికెళదాం, లేవండి," అంది.

తువ్వాలు జారకుండా కుర్చీని రెండు చేతులతో ఎత్తుకుని, నెమ్మదిగా ఇంటివైపు నడిచింది. ఎవరం సాయం వెళ్ళలేదు.

ఆవిడ గట్టు దిగి కనుమరుగయ్యాక ఒక కాకి కిందికి వాలింది. వెంటనే తినలేదు. కుర్చీ ఉన్న చోటు వైపు మెడ తిప్పి చూసింది. రెండడుగులు పక్కకి వేసి, మళ్ళీ అటే చూసింది. ఆ తర్వాతే పిండాన్ని ముట్టుకుంది.