డీజిల్ ఇంజిన్ చుక్ చుక్‌మన్న చలికాలం

ఆ రోజుల్లో "నీకు ప్రోగ్రామింగ్ వచ్చా?" అని ఎవరడిగినా, ప్రశ్న పూర్తి కాకముందే "వచ్చు" అనేదాన్ని. ఇరవై నాలుగేళ్ల వయసు, ఐర్లండులో మొదటి ఉద్యోగం, మెడలో కంపెనీ కార్డు (కరోనాతో ఆఫీసు మూసేశాక కూడా ఆ కార్డు మెడలో వేసుకునే వంట చేసుకునేదాన్ని, అదొక ధైర్యం). నిజానికి నా ఉద్యోగం టెస్టింగు. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, వాళ్లు నొచ్చుకోకుండా మెయిలు రాయడం. సొంతంగా తప్పు చేసే అవకాశం నాకప్పటికింకా రాలేదు. అది అత్లోన్ అనే ఊళ్లో, నేను అద్దెకున్న ఇంటి అటక మీద వచ్చింది.

ఆ ఇంటి పెద్దాయన రిటైరైన రైలు డ్రైవరు. డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. ఊళ్లో పిల్లలు కూడా ఆయన్ని పేరు పెట్టే పిలిచేవారు. నాకు నోరు రాక అంకుల్ అనేదాన్ని. "నేనెవరికీ అంకుల్‌ని కాదే" అని మొదటి వారం ఆశ్చర్యపోయారు గానీ, రెండో నెలకల్లా ఫ్రిజ్ మీద అంటించే చీటీల కింద 'అంకుల్' అని సంతకం చేయడం మొదలుపెట్టారు. ఆయన భార్య ఊరి చివర నర్సింగ్ హోమ్‌లో ఉండేవారు (ఇక్కడ ఆ మాటకు ఆసుపత్రి అని కాదు, పెద్దవాళ్లను చూసుకునే ఇల్లని అర్థం). ఆవిడకు మతిమరుపు జబ్బు. కరోనా వచ్చాక ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు, వారానికోసారి కిటికీ బయట నిలబడి చూసి రావాలి. "నన్ను చూస్తుంది, కానీ మాస్కు కట్టుకున్న ముసలాయన ఎవరో అనుకుంటుంది" అని ఒకసారి టీ పోస్తూ మామూలుగా అన్నారు.

అటక మీద ఆయనకొక బొమ్మల రైలుమార్గం ఉండేది. పెద్ద బల్ల, దాని మీద పట్టాలు, అంగుళమంత మనుషులు, జానెడు పొడవున్న డీజిల్ ఇంజిన్లు. వాటిలో ఒక నారింజ రంగు ఇంజిన్ అంటే ఆయనకు ప్రాణం. తాను ఏళ్ల తరబడి నడిపిన ఇంజిన్‌కు అచ్చు నకలు. దాని కడుపులో డీకోడర్ అనే చిన్న పలక, బుల్లి స్పీకరు ఉండేవి. అసలు ఇంజిన్ మోత, హారన్ ఆ పలకలోకి ఎక్కించారు. చేతిలోని రిమోటు నొక్కితే అది అచ్చంగా అలాగే మోగేది. వాళ్ల పాత ఇంటి వెనకే పట్టాలుండేవట. అక్కడ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా ఆయన ఒక పొడుగు, ఒక పొట్టి హారన్ కొట్టేవారట. త్వరలో వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు. ఆ రోజు కిటికీ గట్టు మీద మూరెడు పట్టా వేసి, ఇంజిన్ పెట్టి, ఆవిడకు ఆ హారన్ వినిపించాలని ఆయన కోరిక. "మోత చాలదు. కాస్త పెంచాలి, అంతే. నీకు ప్రోగ్రామింగ్ వచ్చు కదా?" అన్నారు. ఏమన్నానో మీకు తెలుసు.

ఒక శనివారం పొద్దున ఇంజిన్‌ను ఒక పెట్టె ద్వారా లాప్‌టాప్‌కు తగిలించాను. తెర మీద నాలుగు లైన్ల ప్రశ్న ఒకటి వచ్చింది. చదవకుండా 'యెస్' నొక్కాను (చదవకుండా యెస్ నొక్కేవాళ్ల గురించి ఆ వారమే ఆఫీసుకు పదకొండు పేజీల రిపోర్టు రాశాను). ఒక పచ్చ గీత ఎడమ నుంచి కుడికి నింపాదిగా సాగుతుంటే, పని జరుగుతోంది కదా అని టీ తాగుతూ చూశాను. జరిగిన పనేమిటంటే, పలకలో ఉన్న పాత మోత అంతా చెరిగిపోయి, సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన నమూనా మోత ఎక్కింది. పెద్దాయన ఇంజిన్‌ను పట్టాల మీద పెట్టి బటన్ నొక్కారు. ఆ డీజిల్ ఇంజిన్ చుక్, చుక్, చుక్ అంది. తర్వాత బొగ్గింజిన్‌లా సన్నగా కూత పెట్టింది.

ఆయన దాన్నే కాసేపు చూసి "గ్రాండ్" అన్నారు. ఐర్లండులో గ్రాండ్ అంటే బాగుందని ఒక అర్థం, పరవాలేదని ఒక అర్థం, ఇక ఏమీ మాట్లాడొద్దని మరో అర్థం. ఇది మూడోది. మెల్లగా నిచ్చెన దిగి, పెరట్లోకి వెళ్లి, జల్లులో నిలబడి కంచె మొక్కలను చూస్తూ ఉండిపోయారు. ఆ మోత ఎక్కించి ఇచ్చిన స్నేహితుడు ఆ వసంతంలోనే పోయారని, దానికి ఇంకో కాపీ లేదని నాకు ముందే చెప్పి ఉన్నారు.

గదిలోకి వెళ్లి మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన గుత్తిలో రైలింజిన్ల షెడ్డులో ఫిట్టరు.

"నాన్నా, ఒకాయన ఇంజిన్ పాడు చేసినా."

"ఏం ఇంజిన్ మా?"

"బొమ్మ ఇంజిన్."

"బొమ్మదానికి ఏడుస్తావేం మా, పిచ్చిదానివా?"

కథంతా చెప్పాను. "ఆ సద్దు మొదట యాడ పట్టినారో కనుక్కో పో. అది ఊరికే పుట్టుండదు కదా" అన్నారు.

తడిసిన కోటుతో లోపలికి వచ్చిన పెద్దాయన్ని అడిగాను. "టేపులో. ఆవిడే వంటింటి కిటికీలోంచి పట్టింది. నీ గదిలో ప్రెస్‌లో ఉండాలి" అన్నారు. నేను ఇస్త్రీ పెట్టె ఉన్న మూలంతా వెతికాను. ఇక్కడ ప్రెస్ అంటే అలమర అని తెలిసేసరికి అరగంట గడిచింది. అలమర అడుగున, ఊలు ఉండల కింద దొరికింది క్యాసెట్టు. దాని మీద ఆవిడ చేతిరాతతో ఒక్క మాట, 'హిమ్‌సెల్ఫ్', అంటే ఆయన.

క్యాసెట్టును లాప్‌టాప్‌లోకి ఎక్కించడం ఒక ఎత్తు, ముక్కలు చేయడం మరో ఎత్తు. ఇంజిన్ ఊరికే నిలబడ్డప్పటి ఐడిల్ మోత, మొదటి నాచ్, రెండో నాచ్, ఇలా వేగం పెంచే ఒక్కో మెట్టుకూ విడిగా మోత ఇస్తే గానీ ఆ డీకోడర్ ఒప్పుకోదు. నా చెవికి అన్నీ ఒకటే గుమ్‌మ్. ముక్కలు కోసి నాన్నకు పంపాను. షిఫ్టు దిగి విన్నారు. "ఇది ఐడిల్ కాదు మా, నాలుగో నాచ్. ఐడిల్లో ఇంజిన్ ఇట్ల గసపెట్టదు. అన్నం తిని అరుగు మీద కూచున్న మనిషి లెక్క ఉంటాది. ముందర ముక్క వినిపీ." రెండు ముక్కలు విన్నాక ఆయన గొంతు మారింది. "ఇది మా షెడ్డుకు వచ్చిన అమెరికా ఇంజిన్ జాతే కదా మా. అది ఆడికెట్ల వచ్చె?"

ఈ మాట చెప్పగానే పెద్దాయన మొదటిసారి కుర్చీ లాక్కుని నా ఫోన్ ముందు కూర్చున్నారు. గుత్తి ఇంగ్లీషు ఆయనకు, అత్లోన్ ఇంగ్లీషు నాన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను మధ్యలో అనువాదం చేయబోతే ఇద్దరూ విసుక్కున్నారు. కాసేపటికి మా నాన్న "గుడు గుడు గుడు, ఖంగ్" అన్నారు. పెద్దాయన తల అడ్డంగా ఊపి "గుడు గుడు, ఖంగ్, గుడు" అన్నారు. "ఆ, కరెక్టు" అన్నారు నాన్న. అలా ఇద్దరు పెద్దమనుషులు ముప్పావు గంట ఒకరికొకరు ఇంజిన్లలా మోగుతూ ఎనిమిది నాచ్‌లూ వరస తేల్చారు. ఫోన్ పెట్టేశాక పెద్దాయన "మీ నాన్నకు నా ఇంజిన్ తెలుసు" అన్నారు, ఎక్కడో దూరాన తన చుట్టం ఉన్నాడని తెలిసినట్టు.

హారన్ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. పొడుగు, పొట్టి అయ్యాక, ఆ పొట్టిది ఇంకా గాలిలో ఉండగానే, టేపులో ఒక ఆడగొంతు "దేర్స్ హిమ్‌సెల్ఫ్" అంది. ఆయనొచ్చారు అని. (ఇక్కడి పెద్ద తరం ఆడవాళ్లు కొందరు భర్తను పేరుతో చెప్పరు. మా అమ్మ 'ఆయన' అన్నట్టే, 'హిమ్‌సెల్ఫ్'.) పాత మోతలో ఈ మాట లేదు, ఆ స్నేహితుడు ఎలాగో తీసేశారు. నాకు చేతకాలేదు. కోస్తే హారన్ తోక తెగిపోతోంది. భయపడుతూ పెద్దాయనకు వినిపించాను. మూడుసార్లు విన్నారు. "ఉండనీ" అన్నారు. ఈసారి తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్ననూ పైకి చదివి, ఇద్దరం ఒప్పుకున్నాకే నొక్కాను.

పెళ్లిరోజు మంగళవారం వచ్చింది, మధ్యాహ్నం బయల్దేరాం. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులవి. షానన్ నది వంతెన దగ్గర గార్డులు కారు ఆపారు (ఇక్కడ పోలీసులను గార్డులంటారు. మా గుత్తిలో గార్డంటే గూడ్సు బండి చివర జెండా ఊపే మనిషి). ఎక్కడికని అడిగితే పెద్దాయన "మా ఆవిడకు రైలు తీసుకెళ్తున్నా" అన్నారు. ఆ కుర్ర గార్డు నా ఒళ్లోని పెట్టెలోకి తొంగిచూసి పక్కకు జరిగాడు.

కిటికీకి అటువైపు కుర్చీలో ఆవిడ, ఇటువైపు చలిలో మేము. గట్టు మీద పట్టా వేసి, ఇంజిన్ పెట్టి, బటన్ నొక్కారు. దోమ గీపెట్టినట్టు ఏదో వినిపించింది. నెల రోజులు మోతలన్నీ కోసి అతికించానే గానీ, అసలు ఆయన అడిగిన పని, శబ్దం పెంచడం, మర్చిపోయాను. రెండు అద్దాల కిటికీ అవతల ఆవిడ తన గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. "సారీ అంకుల్" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

అంతా గమనిస్తున్న నర్సు కిటికీ రవ్వంత తెరిచి, ఆ సందులోంచి పట్టా, ఇంజిన్ తీసుకుని, శానిటైజరుతో తుడిచి, ట్రేలో పెట్టి ఆవిడ ఒళ్లో ఉంచింది. తీగలు సందులోంచి బయటికి, రిమోటు ఆయన చేతిలో. మళ్లీ నొక్కారు. ఇంజిన్ అన్నం తిన్న మనిషిలా గుడుగుడుమంది. ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టారు. పొడుగు హారన్, పొట్టి హారన్, ఆ వెంటే ఆవిడ పడుచు గొంతు. ఆవిడ తలెత్తి, సూటిగా కిటికీలోకి, మాస్కు కట్టుకున్న ఆ ముసలాయన వైపు చూశారు.

"లేటయింది నీకు" అన్నారు.

"సిగ్నల్ ఇవ్వలేదు" అన్నారాయన.

ఆ చలికాలమంతా ప్రతి మంగళవారం వెళ్లాం. ఆవిడ ప్రతిసారీ కొత్తగానే విన్నారు, లేటయిందనే అన్నారు. ఆయన ఒక వారం మంచు అన్నారు, ఒక వారం పట్టాల మీద ఆవులన్నారు, చెప్పిన సాకు మళ్లీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నాలన్నిటికీ ఆఫీసు క్యాలెండరులో నేను 'ట్రైన్' అని మాత్రం రాసేదాన్ని. మా మేనేజరు అది ట్రైనింగ్ అనుకుంది. ఏడాది చివర, ఇంత చిన్న వయసులో ఒక్క వారమైనా తప్పకుండా నేర్చుకునే శ్రద్ధ ఉందని నా గురించి నాలుగు మంచి మాటలు రాసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆమె పొరబడిందని చెప్పాలని అప్పుడు రెండుసార్లు మెయిలు రాసి, రెండుసార్లూ చెరిపేశాను. అంత పొరబాటేం కాదని ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లకు, అంటే నాకు, అప్పుడే ఎలా తెలిసిందో మరి.