రింగులు కట్టే మనిషి

హఫర్ అల్ బాతిన్ నుంచి రియాద్ వచ్చే బస్సులో నా పక్క సీటాయన ఫోన్ మాట్లాడుతుంటే తెలుగువాడని తెలిసింది. జగిత్యాల వైపు మనిషి. పదకొండేళ్లుగా బీముల కడ్డీల చుట్టూ ఇనుప రింగులు వంచి కడుతున్నాడట.

"వీసా రద్దు చేసి ఎగ్జిట్ కొట్టిన్రు సార్, రేపు సాయంత్రం విమానానికి ఇంటికి పోతున్న," అన్నాడు. "బయటి దేశపోళ్ల మీద సర్కారేసే లెవీ పెరిగినంక కంపెనీకి మనుషులు బరువైన్రు. ఇప్పుడు రింగులకు బదులు మిషన్ల చుట్టిన స్ప్రింగు వస్తున్నది. సాగదీసి బీముల పెట్టుడే."

సైటు పేరు చెప్పాడు. అది మా కంపెనీదే. ఆ డిజైను నాదే. పదిమంది పని ఇద్దరితో అవుతుందని రాసిచ్చిందీ నేనే.

"ఆ స్ప్రింగు మంచిదేనా?" అని మాత్రం అడిగాను.

"మంచిదే. గీసినాయనకు తెలివున్నది. గని పిల్లరు కాడ," అని కాయలు కాసిన వేళ్లు ఒకదాంట్లో ఒకటి జొనిపి చూపించాడు, "గిట్ల కడ్డీలు అల్లుకొని సందు లేక అది కూసోదు. కోసి పారేస్తున్నరు. ఆడ చేత్తోనే రింగులు కట్టాలె. లేకుంటే బీము పగుల్తది."

నాకది తట్టనే లేదు.

"మీరేం పని చేస్తరు సార్?"

"ఆఫీసు పని," అన్నాను.

మర్నాడు పొద్దున్నే డ్రాయింగు దిద్దాను. పిల్లర్ల దగ్గర విడి రింగులు, చేత్తో కట్టాలని రాశాను. మేనేజరు మెచ్చుకుని, ఈ తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగాడు.

"నేనే సార్," అన్నాను.

బస్సులో కలిసినాయన విమానం ఆ సాయంత్రానికి. రింగులు కట్టేవాడొకడు కావాలి, ఆయన్ని ఆపండని మేనేజరును అడగడానికి ఇంకా ఒక పూట వ్యవధి ఉంది. నేను అడగలేదు.