మా జట్టు ఆశాజ్యోతి

మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు ఓడిపోవడం తప్ప మరో అలవాటు లేదు. అలాంటిది, ఒకప్పుడు జనగామ జిల్లాకు ఆడిన ఐలేశ్ పట్నం నౌకరీ మానేసి, వ్యవసాయం చేసుకుందామని తిరిగొచ్చాడు. కుర్రాళ్లు కప్పు గెలిచినంత సంబరపడి, బంతి పట్టుకున్న అతని పాత ఫొటోతో ‘మా జట్టు ఆశాజ్యోతి’ అని కోర్టు పక్కన ఫ్లెక్సీ కట్టారు.

మర్నాడు ప్రాక్టీసుకు వెళితే కోర్టు నిండా వడ్లు. ఐలేశ్ కాళ్లతో తిరగేస్తున్నాడు.

“గిదేందన్నా, మరి ఆట?” అన్నాడు కెప్టెన్ క్రాంతి.

“ముందుగాల వడ్లు ఎండాలె తమ్మీ. ఊరంతట్ల గింత మంచి గచ్చు ఇంకేడున్నది?”

అంతలో మబ్బు పట్టింది. “ఉరుకుండ్రి!” అని ఐలేశ్ అరవగానే, ఏ మ్యాచ్‌లోనూ కదలని జట్టు ఒక్కటై ఉరికి వడ్లు కుప్ప చేసింది. టార్పాలిన్ చాలక ఫ్లెక్సీ విప్పి కప్పారు.

ఆశాజ్యోతి వానలో వెల్లకిలా పడుకుని, ఒక్క గింజ కూడా తడవనివ్వలేదు.